సముద్రపు ఇసకతో తోమిన ఇల్లు

మా ఇంటికి వచ్చినవాళ్ళు ముందు నేలని చూస్తారు, తర్వాత నన్ను చూస్తారు. ఇంత శుభ్రంగా ఎలా ఉంచుతావమ్మా, మాకూ నాలుగు చిట్కాలు చెప్పు అంటారు. నా దగ్గర చిట్కాలు లేవు, కోపం ఉంది. లేవగానే పక్క మడత పెట్టడం, తిన్న కంచం తిన్నచోట వదలకపోవడం, తడిగుడ్డ పిండి ఎండలో ఆరేశాకే ఇంకో పని ముట్టడం, ఇవి ఎవరైనా చేసేవే. నేను మాత్రం వీటిని పంతం పట్టి నేర్చుకున్నాను. అత్త మీద కోపం దుత్త మీద అంటారు కదా. పాపం మా అత్త మంచిది. నా కోపమంతా ఇల్లు అద్దెకిచ్చినావిడ మీద. దుత్తలు మాత్రం తళతళలాడేవి.

ఎనభైల మొదట్లో మాట. మాది విశాఖపట్నం ఒడ్డున వేటకెళ్ళేవాళ్ళ పేట. నాకు ఊహ తెలిసేసరికే నాన్న లేడు. అమ్మ తెల్లారకుండా హార్బరుకి వెళ్ళి, వేలంపాటలో చేపలు కొని, గంప నెత్తినెత్తుకుని వీధివీధీ తిరిగి అమ్మేది. ఆ గంప మీదే నన్ను పెంచింది. నన్ను చేసుకున్నవాడూ మా పేటవాడే, నాకు మేనమామ కొడుకు. తెప్ప ఎక్కనన్నాడు, వెల్డింగు నేర్చుకున్నాడు, గాజువాక వైపు ఒక చిన్న వర్క్‌షాపులో పనికి కుదిరాడు. స్టీల్‌ప్లాంటు కడుతున్న రోజులు. ఎక్కడెక్కడి జనమో వచ్చి పడుతున్నారు. గాజువాకలో అద్దె ఇల్లు దొరకడం గగనంగా ఉండేది.

ఎలాగో ఒక పోర్షన్ దొరికింది. రెండు గదులు, ముందు చిన్న వరండా, ఎర్రగచ్చు నేల. పెరడూ నుయ్యీ ఓనర్లతో ఉమ్మడి. వాళ్ళది ఎలమంచిలి దగ్గర పల్లె, పొలాలున్న కుటుంబం. ఆయన మాట్లాడితే ముత్యాలు రాలిపోతాయన్నట్టు ఉండేవాడు. మాటలన్నీ ఆవిడవే.

"ఏటమ్మా, మీరు సేపలోళ్ళా?" అని అడిగింది మొదటిరోజే.

అవునన్నాం.

"నాకేటీ పట్టింపు లేదు. ఇల్లు సుబ్బరంగా ఉంచాల. కంపు రాకూడదు. గంపలూ గట్రా గేటు దాటి లోనకి రాకూడదు, అంతే."

మా ఆయన అన్నిటికీ తల ఊపేశాడు. ఇల్లు దొరికిందన్న సంబరంలో ఉన్నాడాయన. నేను ఆ మూడో మాట దగ్గరే ఆగిపోయాను. ఎందుకంటే మా అమ్మ అప్పటికే టౌనులో తిరిగే వీధులు మానుకుని, కూతురు కంటికి కనబడుతుందని గాజువాక బస్సెక్కడానికి సిద్ధపడింది. గంప లేకుండా మా అమ్మ ఎక్కడికీ రాదు. గంప రాకూడదంటే మా అమ్మ రాకూడదనే.

మొదటిసారి వచ్చినరోజు మా ఆయనే గేటు దగ్గర నిలబడి, "అత్తా, గంప ఇక్కడెట్టీసి లోనకి రా, ఓనరమ్మ ఒప్పుకోదంట" అన్నాడు మెల్లిగా.

"గంపొదిలీసి ఎలాగొస్తాను నాయనా, కుక్కలు మూతెట్టెయ్యవేటి?" అంది అమ్మ.

అని గేటు పక్కన మురికికాలవ మీద వేసిన బండ మీద కూర్చుంది, గంప కాళ్ళ దగ్గర పెట్టుకుని. నేను కంచంలో అన్నం కలిపి బయటికి తీసుకెళ్ళాను. దారిన పోయేవాళ్ళు చూస్తూ పోయారు. కన్నకూతురి ఇంటి ముందు, కాలవ మీద కూర్చుని, అడుక్కునేదానిలా మా అమ్మ తింటుంటే చూడలేక వీధి వైపు తిరిగి నిలబడ్డాను. అమ్మ మాత్రం పప్పు బాగుందని రెండుసార్లు అడిగి వేయించుకుంది. ఆ తర్వాత వచ్చినప్పుడల్లా అంతే. గేటు బయటే తిని, చెయ్యి కడుక్కుని, వెళ్ళిపోయేది.

నాకు కావలసింది ఒక్కటే. మా అమ్మ నా ఇంట్లోకి వచ్చి, నా గచ్చు మీద కూర్చుని తినాలి. దానికి ఓనరమ్మ నోట వంక అనేది లేకుండా చెయ్యాలనుకున్నాను. ఇల్లు ఎంత శుభ్రంగా ఉంచుతానంటే, ఆవిడే వచ్చి మీ అమ్మని లోపలికి రమ్మనవే అనాలి. అప్పుడు నా వయసు అలాంటిది. నిప్పు కడిగి చూపిస్తే నమ్ముతారనుకునే వయసు.

ఇక చూడండి నా యుద్ధం. కాకి అరవకముందే లేచి, పుల్లల చీపురుతో వాకిలి ఊడ్చి, కళ్ళాపి జల్లి, ముగ్గు పెట్టేదాన్ని. మా పేటలో ఇసక నేల మీద ముగ్గులు నిలవవు, అందుకని నాకు చుక్కలు కలపడం రాదు. అది నేర్పింది ఓనరమ్మే, ఉన్నమాట చెప్పాలి. నా చెయ్యి పట్టుకుని తిప్పింది. "నన్ను పిన్నీ అని పిలవ్వే, అమ్మగారేటి" అంది. నాకు జ్వరం వచ్చినప్పుడు మిరియాల చారు కాచి గ్లాసుతో తెచ్చి, తాగేదాకా పక్కనే కూర్చుంది. చెడ్డమనిషి అయితే నాకు అంత బాధ ఉండేది కాదు.

ముగ్గయ్యాక లోపల. కొండచీపురుతో మూలల్లోంచి గుమ్మం వైపుకి ఊడుపు, వెనకే తడిగుడ్డ. గుడ్డ పిండిన నీళ్ళు తేటగా కనబడేదాకా బకెట్టు మార్చి మార్చి తుడవడం. కిరసనాయిలు స్టవ్వు వత్తులు కత్తిరించి, దాని కాళ్ళు కూడా తుడవడం. గూట్లో వేసిన పేపరు నూనె మరక పడ్డ రోజే మార్చడం. గిన్నె తోమాక బోర్లించి వదిలేస్తే సగం పనే అయినట్టు. నీళ్ళోడిన గిన్నెల్ని ఎండకి చూపించాలి. ఇది మా అమ్మ మాట. మా పేటలో అందరూ అంతే. చేపల సామాను వేరు, అన్నం సామాను వేరు. కత్తిపీటకి ఒక్క పొలుసు అంటుకుని ఉన్నా మళ్ళీ కడిగిస్తుంది మా అమ్మ. చేప ముట్టుకున్న చేతికి ఉప్పూ చింతపండూ రుద్ది కడిగితేగానీ కుండలో ముంచనివ్వదు. చేపలు అమ్మేవాళ్ళ ఇళ్ళు కంపుకొడతాయని అనుకునేవాళ్ళు మా ఇళ్ళలో అడుగుపెట్టినవాళ్ళు కారు.

అయినా నేను ఇంట్లో చేప వండటం మానేశాను. పచ్చిదీ లేదు, ఎండు నెత్తళ్ళ మాట అసలే లేదు. ఒడ్డున పుట్టినవాళ్ళకి అదెంత శిక్షో మా ఆయన మొహం చూస్తే తెలిసేది. బీరకాయ, ఆనపకాయ, తోటకూర, మళ్ళీ బీరకాయ.

"నాను గొడ్డునేటే, రోజూ ఆకులెడతన్నావు?" అనేవాడు.

"కొన్నాళ్ళు ఓపికపట్టు మావా, అమ్మ లోనకొచ్చినరోజు ఇగురెడతాను" అనేదాన్ని.

ఓనరమ్మ పరీక్షలు చేస్తూనే ఉండేది. చేబదులు పంచదార కావాలని వచ్చేది, ముక్కుపుటాలు మాత్రం నాలుగు దిక్కులా తిరిగేవి. కిటికీ చువ్వ మీద వేలు రాసి, ఆ వేలు చూసుకునేది. ఈరోజు కూరేటని అడిగేది, బీరకాయండీ అనేదాన్ని. వేలికి దుమ్ము అంటలేదని కాస్త నిరాశ పడేదేమో కూడా. ఇంత చేసిందా, ఆదివారం వచ్చేసరికి వాళ్ళాయన సంచీ నిండా చేపలు తెచ్చేవాడు. నుయ్యి దగ్గర కూర్చుని ఆవిడే బాగుచేసేది. పొలుసులు పెరడంతా ఎగిరేవి, ముళ్ళు గోడపక్కన పిల్లికి పడేసేది. సోమవారం పొద్దున పెరడు ఊడ్చే వంతు నాది. వాళ్ళు తిన్న చేపల ముళ్ళు ఊడ్చి ఎత్తేది చేప వండుకోని నేను. ఒళ్ళు మండేది. మండినా అమ్మ కోసం నోరు మూసుకుని ఊడ్చేదాన్ని.

సిల్వర్ గిన్నెల అడుగున మసి ఒకటి లొంగలేదు. బూడిదకీ కొబ్బరిపీచుకీ పోవడంలేదు. అప్పుడు అమ్మకి చెప్పాను, వచ్చేటప్పుడు ఒడ్డునుంచి ఇసక పట్టుకురమ్మని. మా పేటలో ఇసకంటే మురికి కాదు. గిన్నెలు తోమేది దానితోనే, పాక ముందు కొత్తది తెచ్చి పరుచుకునేది దాన్నే, చుట్టం వస్తే కూర్చోమని చూపించేదీ దాన్నే. అల వెనక్కి పోయినచోట, కాళ్ళకింద మెత్తగా జారే సన్నటి ఇసక ఉంటుంది. అమ్మ దాన్ని గుడ్డసంచీలో కట్టి తెచ్చింది. ఇక చూసుకోండి, గిన్నెలు కొత్త కొట్టులోంచి వచ్చినట్టు మెరిసిపోయాయి.

"ఓలమ్మ, నీ గిన్నెలో నా మొగం కనిపిస్తన్నాదే" అంది ఓనరమ్మ. తనకీ కాస్త ఇసక కావాలంది. సంచీలో సగం ఇచ్చేశాను. ఆ తర్వాత అమ్మ వచ్చినప్పుడల్లా తనకీ తెప్పించుకుంది. ఇసక గేటు దాటి లోపలికి వచ్చేది, తెచ్చిన మనిషి బయటే ఉండేది. ఆ ముక్క నాకు తట్టినా, మెచ్చుకోలు వచ్చింది కదా అని సరిపెట్టుకున్నాను. అదే ఊపులో అడిగేశాను కూడా.

"పిన్నిగారూ, మా అమ్మ లోనకొచ్చి తింటాదండీ. గంప గేటు బయటే కడిగీసి తెస్తాది."

"సూద్దాంలే" అంది. కాదనలేదు. ఆ 'సూద్దాం' పట్టుకుని నేను గాలిలో తేలిపోయాను.

ఇంతలో మల్లెపాదు వాడింది. నుయ్యి పక్కన ఓనరమ్మ ప్రాణంలా పెంచుకున్న మల్లె అది. గిన్నెలు తోమిన నీళ్ళు వృథా ఎందుకని ఇద్దరం ఆ పాదులోకే పారబోసేవాళ్ళం, ఇసకతో సహా. ఆకుల అంచులు ముందు ఎర్రబడ్డాయి, తర్వాత మాడిపోయాయి. ఒకరోజు పొద్దున్నే ఆవిడ పాదు దగ్గర నిలబడి పెద్దగొంతుతో మొదలుపెట్టింది.

"సేపల నీళ్ళు పోసి సెట్టుని సంపీసినావు కదే. ఎంత సెప్పినా ఆ బుద్ది పోదు."

నేను పరిగెత్తుకెళ్ళాను. మా ఇంట్లో చేప అన్నది వండితే కదా నీళ్ళు పోయడానికి. పాదులో తేలిన ఇసక చిటికెడు తీసి నాలిక మీద వేసుకున్నాను. ఉప్పు. అప్పుడు తెలిసింది ఎంత తెలివితక్కువ పని చేశామో. ఒడ్డు ఇసక మా ఇళ్ళ ముందు ఉన్నంతకాలం ఏ చెట్టునీ చంపలేదు, అక్కడ చెట్లంటూ ఉంటే కదా. మంచినీళ్ళలో కడిగి వాడాలన్న ఆలోచన నాకెందుకొస్తుంది.

"పిన్నిగారూ, సేపలు కాదండీ, ఇసకలో ఉప్పు. ఆ ఇసక తెప్పించింది నానే. కొత్త మొక్క తెచ్చి నానే పాతుతాను" అన్నాను.

"ఉప్పా లేదు, పప్పా లేదు. సేపల నీళ్ళే."

"మా ఇంట్లో సేప వండి ఎన్నాళ్ళయిందో మీకు తెల్దా అండీ? మొన్న ఆదివారం మీరే కదా కానాగంత సేపలు కడిగి ఇక్కడ పోసినారు."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "మేం తింటాం. మీరు అమ్ముతారు. రెండూ ఒకటేనేటి?" అంది.

గొంతులో కోపం కూడా లేదు. బియ్యం తెల్లగా ఉంటాయన్నంత మామూలుగా అంది. అక్కడ నా కళ్ళు తెరుచుకున్నాయి. నాది కాని తప్పు నా నెత్తిన రుద్దితే కోపం వస్తుంది, సరే. నేను నిజంగా చేసిన తప్పు చేతిలో పెట్టి ఇదిగో నాదే అంటే, అది వద్దని తోసేసింది ఆవిడ. ఆవిడకి కావలసింది ఉప్పు కాదు, కంపు. అది నా ఇంట్లో ఎక్కడా లేదు, ఆవిడ తలలో ఉంది. అక్కడికి నా తడిగుడ్డ అందదు.

ఆ మధ్యాహ్నమే అమ్మ వచ్చింది. గంపలో సగం చేపలు మిగిలే ఉన్నాయి, బేరం సాగలేదని చెప్పి మామూలుగా బండ మీద కూర్చోబోయింది. నేను గేటు రెండు రెక్కలూ తీసి బార్లా పెట్టాను.

"లోనకి రాయే" అన్నాను.

"వద్దులే, ఇక్కడికే అట్టుకురా."

"ఆవిడ మాట ఇడిసీ. నాను రమ్మంటన్నాను."

"ఆవిడ కోసం కాదే" అంది అమ్మ. తెరిచిన తలుపులోంచి లోపలికి చూస్తూ నవ్వింది. "నీ ఇల్లు సూడు, అద్దం లాగున్నాది. నాను అడుగెడితే పాడైపోద్ది. నీకు మళ్ళీ పనెందుకు?"

మురిసిపోతూ అంది ఆ మాట. నేను బాగా బతుకుతున్నానని గర్వంగా అంది. ఓనరమ్మ అన్నదానికి నాకు కోపమే వచ్చింది, దీనికి గుండె జారిపోయింది. గేటు మూసింది ఓనరమ్మ. గుమ్మం మూసింది నా చీపురు. అమ్మ కోసమని నేను తోమి తోమి మెరిపించిన గచ్చుకి మా అమ్మే భయపడి, తనే మురికి అనుకుంటోంది. ఇలాంటి శుభ్రం ఎవరికి కావాలి?

వంగి గంప ఎత్తాను. నెత్తిన పెట్టుకుంటే నీళ్ళు నా మొహం మీదికి, రవిక మీదికి కారాయి. పెళ్ళయ్యాక గంప ఎత్తడం అదే మొదటిసారి. ముగ్గు తొక్కుకుంటూ వాకిలి దాటి, వరండా దాటి, ముందుగది మధ్యలో నిలబడి మొత్తం గుమ్మరించేశాను. చందువాలూ కానాగంతలూ నా ఎర్రగచ్చు మీద నలుదిక్కులా జారిపోయాయి. ఒకటి వెళ్ళి గోడకి తగిలింది.

"ఇప్పుడు పాడైపోనాది కదా. ఇప్పుడు రా" అన్నాను.

అమ్మ ఒక్క ఉరుకున లోపలికి వచ్చింది. నా మీద ప్రేమతో కాదు, చేపల కోసం.

"ఓసి నీ బుద్ది మండా, అమ్ముకునే సరుకుని ఇలాగ నేలకేసి కొడతారేటే? సందువాలు నలిగిపోతే ఎవుడు కొంటాడు?" అని నన్ను తిడుతూ, చీర పైకి దోపుకుని, గచ్చు మీద గొంతుక్కూర్చుని ఒక్కొక్క చేపనీ ఏరడం మొదలుపెట్టింది. ఆవిడ తిడుతుంటే నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. మా పాకలో ఉన్నట్టే ఉంది. నేను కంచంలో అన్నం పెట్టి తెచ్చి ఆవిడ పక్కనే నేల మీద పెట్టాను.

అప్పటికే ఓనరమ్మ గుమ్మంలో కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. "ఏటిది?" అంది.

"మా అమ్మండీ" అన్నాను. "ఇక నుంచి లోనకే వస్తాది."

"అలాగయితే నెలాకరుకి కాళీ సేసీండి."

"అలాగేనండీ" అన్నాను.

ఆవిడ వెళ్ళిపోయింది. అమ్మ చేతిలో చేప అలాగే పట్టుకుని ఉండిపోయింది.

"ఇల్లు పోనాది కదే, నావల్లే" అంది.

"నీవల్ల కాదు. తిను ముందు, సల్లారిపోద్ది."

తింది. చేతులు కడుక్కొచ్చి, గోడకి ఆనుకుని, కాళ్ళు చాపుకుని మరీ తింది. మిగిలినవాటిలో నాలుగు చందువాలు తీసి నాకిచ్చింది. సాయంత్రం మా ఆయన గుమ్మంలోకి వస్తూనే ఆగి గాలి పీల్చాడు. ఏమీ అడగకుండా కాళ్ళు కడుక్కుని పీట వాల్చుకున్నాడు. పులుసు పూర్తయ్యేదాకా నేనూ ఏమీ చెప్పలేదు. అంతా విన్నాక కంచం చివరిదాకా తుడిచి, "ఎల్దాం పద, ఊరు గొడ్డుపోనాదేటి" అన్నాడు. ఆయన మీద నాకు నిజంగా ప్రేమ పుట్టింది ఆరోజే.

ఖాళీ చేసే రోజు ఇల్లు అప్పజెప్పేముందు అలవాటుగా అంతా కడిగాను. ఓనరమ్మ రెండు గదులూ తిరిగి, గూళ్ళలోకి కూడా తొంగి చూసింది. "ఇల్లు బాగానే ఉంచినావు" అంది. "మా అమ్మ నేర్పినాదండీ" అన్నాను. ఆవిడ ఏదో అంటుందని ఆగకుండా తాళం చేతిలో పెట్టి వచ్చేశాను.

కొత్త ఇల్లు పెందుర్తి రోడ్డు వైపు. ఒకటే గది, పైన రేకులు, నేల గతుకులు, ఎంత తుడిచినా మెరిసే రకం కాదు. మా ఆయనకి పని దూరమైంది, రెండు బస్సులు మారాల్సి వచ్చేది. దాని ఓనరు మాత్రం మమ్మల్ని ఏమీ అడగలేదు. చేరిన మొదటివారంలోనే అమ్మ వెతుక్కుంటూ వచ్చింది. నేను పెరట్లో బట్టలు జాడిస్తున్నాను, చూసుకోలేదు. చేతులు తుడుచుకుంటూ లోపలికి వచ్చేసరికి, గది మధ్యలో గంప ఉంది. దాని పక్కనే కటికనేల మీద, చెయ్యి తలకింద పెట్టుకుని, అమ్మ నిద్రపోతోంది. ఎవరినీ అడగకుండా వచ్చి పడుకుంది. గంపలోంచి నీళ్ళు సన్నగా కారి గుమ్మందాకా వచ్చాయి, గదంతా చేపల వాసన. నాకు తెలియకుండానే నా చెయ్యి మూలనున్న చీపురు మీదికి వెళ్ళింది.

మనిషి పడుకుని ఉండగా చుట్టూ ఊడవకూడదు. చీపురు అక్కడే వదిలేసి, ఆవిడ లేచేదాకా గుమ్మంలో కూర్చున్నాను.